మూత్రపిండాల జబ్బు – గుండె హఠాత్తుగా ఆగటం

మూత్రపిండాలు వుండేది వెన్నుకు ఇరువైపులా. గుండె వుండేది రొమ్ములో. అయినా మూత్రపిండాలు దీర్ఘకాలంగా చెడిన రోగి ఒక్కొక్కప్పుడు గుండె హఠాత్తుగా ఆగి మరణిస్తాడు. ఈ రెండింటి సంబంధం బయటపడిన వరుస తెలుసుకోదగినది.

లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి దీపపు సెగకు పట్టేవాడు. అందులో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు వుంటే, ఉడికిన తెల్లసొనలాగా గడ్డకట్టేది. అట్టి రోగులలో మరణించిన 100 మంది శరీరాలలో కనిపించిన మార్పులను ఆయన 1836 లో పట్టికగా ప్రకటించాడు. 52 మందిలో గుండె కండరం దళసరెక్కి వున్నది. వారిలో 34 మందికి గుండె కవాటాలలో ఏ లోపమూ లేదు. మరి గుండె ఎందుకు బలిసినట్లు? చెడిన రక్తాన్ని సన్నని నాళాల గుండా నెట్టటానికి గుండె ఎక్కువగా శ్రమించి వుండవచ్చునని బ్రైట్ ఊహించాడు. 1870 దశకంలో అదే ఆసుపత్రిలో ఫ్రెడరిక్ అక్బర్ మొహమ్మద్ – ఈయన తాతగారు పాట్నాలో పుట్టినవారు – నాడి కదలికను కాగితంపై గీసే సాధనంతో రక్తపు పోటు హెచ్చటాన్ని గుర్తించాడు.

రెండవ ఆధారం కప్ప గుండెలో దొరికింది. 1880 దశకంలో లండనులోనే సిడ్నీ రింగర్ కప్ప గుండెను రకరకాల లవణ ద్రావణాలతో పరీక్షించాడు. పొటాషియం మితిమీరితే గుండె ఆగిపోయేది. మనం ఆహారంతో తీసుకొనే పొటాషియంలో సుమారు నూటికి 90 పాళ్ళు మూత్రపిండాలే విసర్జిస్తవి. అవి చెడితే అది రక్తంలోనే పేరుకుంటుంది.

1943 లో నెదర్లండ్సులో విలెం కోల్ఫ్ రక్తాన్ని శుద్ధిచేసే యంత్రాన్ని రోగులకు ఉపయోగించాడు. 1960 లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి చేతి ధమనికీ సిరకూ మధ్య టెఫ్లాన్ గొట్టం అమర్చి, డయాలిసిస్‌ను మళ్ళీ మళ్ళీ చేయటానికి వీలు కల్పించాడు. ఆయన మొదటి రోగి 11 సంవత్సరాలు బ్రతికి, 1971 లో గుండె జబ్బుతో మరణించాడు. యంత్రం మూత్రపిండాల పని కొంత చేసింది గాని, గుండెకు జరిగిన హానిని మాన్పలేకపోయింది.

ఆ హాని ఎట్టిది? దళసరెక్కిన కండరంలో నారపోగులు పెరిగి విద్యుత్ తరంగం దారి తప్పుతుంది. దానికి తోడు పొటాషియం హెచ్చుతగ్గులు కలిస్తే గుండె లయ చెడిపోతుంది. వారానికి మూడుసార్లు డయాలిసిస్ జరిగే రోగికి ఒకసారి మాత్రం రెండు రోజుల ఎడం వస్తుంది. ఆ ఎడం ముగిసేనాడే హఠాన్మరణాలు ఎక్కువని అమెరికాలో 1999 లో వెల్లడైంది. 2011 లో మరింత పెద్ద పరిశీలన ఆ ఎడం తరువాతి రోజు మరణాలు హెచ్చని చూపింది.

కనుక డయాలిసిస్ రోజు దాటవేయటం ప్రమాదకరం. పొటాషియం అధికంగా వుండే కొబ్బరినీళ్ళు, అరటిపండు వంటివి వైద్యుని సలహా లేకుండా ఆ రోగులు తీసుకోరాదు. ఇక రక్తపు పోటు, మధుమేహం వున్నవారు ఏటా మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోవటం మంచిది. బ్రైట్ చెంచాలో వెదకినది దానినే.