ఉట్నూరు అడవి, తోలు పని

ఉట్నూరు పరిసరారణ్యములలో అడవిపందికి కొదువ లేకున్నను, దాని చర్మము తోళ్లను పదును చేయు లందకు చేరుట అరుదుగా నుండెను. ఏలయన, వేటాడి తెచ్చిన పందిని మంటపై కాల్చి, వెండ్రుకలు గీచివైచి, తోలుతోనే కోసి వండుకొనుట మన పల్లెల వెనుకటి వాడుక. పైగా పందివెండ్రుకలు చర్మమును ఆసాంతము భేదించుచు మూడేసి చొప్పున మొలచును గనుక, ఆ తోలు సూక్ష్మరంధ్రమయమై, నీరు నిలుపవలసిన మోటబొక్కెనకు అంతగా కొఱగాదు.

బొక్కెనలకును, చెప్పులకును నాడు ఆధారము పశుచర్మమే. మాదిగలు పచ్చితోలును సున్నపునీట నానవైచి, రోమమును మాంసశేషమును గీచి, పిమ్మట తంగేడుచెక్కయో కరక్కాయయో నానిన లందలో దినముల తరబడి ఊరనిచ్చి, కుళ్లని తోలుగా మార్చుచుండిరి. ఇంతటి రసాయనవిద్య నెఱిగినవారికి ఊరు వెలుపలి వాడను చూపుట మన చరిత్రకు మాయని మచ్చ. డప్పునకు మాత్రము చెక్కరసము తగదు. రోమము తీసిన పచ్చితోలునే బిగించి యెండనిచ్చినగాని నాదము పలుకదు. గోండుల దండారి నృత్యములో మ్రోగు గుమేల వాద్యమునకును తోలే ప్రాణము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపంది వేటను అదుపులోనికి తెచ్చెను; మోట మోటారునకు తావిచ్చెను. తంగేడు మాత్రము, చెక్క నడుగువారు తగ్గినను, నేడు తెలంగాణ రాష్ట్రపుష్పము.