సుడిగాలి బలమును కొలుచుట

అడిక్‌మెట్ వీధులలో ఎండాకాలపు మధ్యాహ్నమున దుమ్మెత్తు సుడిగాలి కాగిన నేలనుండి లేచును. టోర్నడో యట్లు కాదు, ఉరుముల మేఘమునుండి నేలకు దిగును. ఎత్తునుబట్టి గాలి వేగమును, దిక్కును మారినచో నడిమి గాలి అప్పడాల కఱ్ఱవలె పొర్లును. మేఘములోనికి ఎగసెడు వెచ్చని గాలి దానిని నిలువుగా లేపును.

కొలువబోయిన యంత్రమునే అది పెల్లగింపవచ్చును. కనుక శిథిలములే సాక్ష్యము. 1945లో అణుబాంబులు కూల్చిన నాగసాకి, హిరోషిమాలను పరిశీలించిన ఫుజితా, 1971లో చికాగోలో సున్న మొదలు అయిదు వరకు తరగతులు ఏర్పరచెను. కూలిన ఇల్లు గట్టిదా, నాసిదా యన్నది అందు చాలినంతగా లెక్కకు రాలేదు. 2007లో అమెరికావారు ఆ లోటును సవరించిరి.

1977 నవంబరు 19న దివిసీమను ముంచినది టోర్నడో కాదు, తుపాను. తుపానుల తరగతిని గాలివేగమే నిర్ణయించును. అచ్చట వేలాది ప్రాణములను హరించినది మాత్రము ముఖ్యముగా ఉప్పెన.