చిగుళ్లకు పూసినవన్నీ మందులు కావు

సూరత్ వడోద్‌లో గానీ, ఆ పక్క పాండేసరలో గానీ పాన్ గల్లా, అంటే పాన్ కొట్టు, కోసం వెతుక్కోనక్కర్లేదు. వక్క ముక్కలు, పొగాకు, కాస్త తడి సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి, చుట్టి, అరచేతుల మధ్య గట్టిగా నలిపితే మావా తయారు. మరమగ్గం మీద పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడికి అది నిద్ర ఆపే సాధనం. మగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి సూరత్ చేరిన మన పద్మశాలీలకూ ఈ సరుకు కొత్త కాదు. నోరు మండితే మందుల షాపులో జెల్ దొరుకుతుంది. ఆ జెల్ వెనక చాలా పెద్ద చరిత్రే ఉంది.

సుశ్రుతుడు నోటి జబ్బులను 65గా లెక్కగట్టాడు. కదపడానికి వీల్లేనంతగా నోటి నిండా ద్రవం పట్టి ఉంచడం గండూషం, పుక్కిలించడం కవలం, వేలి కొసతో మందు రాయడం ప్రతిసారణం. రాసే మందు ముద్ద కావచ్చు, చిక్కబెట్టిన కషాయం కావచ్చు, తేనె కావచ్చు, పొడి కావచ్చు. మన ఇళ్లలో పటిక నీళ్లు పుక్కిలించడం, జాజి ఆకులు నమలడం, కాచు రాయడం ఆ దారిలోవే. కాచులోని టానిన్లూ పటికా పుండు పైపొరను బిగిస్తాయి. రక్తం చెమ్మ, మంట కాసేపు తగ్గుతాయి. టానిక్ ఆమ్లాన్ని గ్లిసరిన్‌లో కలిపిన గమ్ పెయింట్ చేసేదీ అదే పని, సీసా మారిందంతే. పొంగించిన వెలిగారం తేనెలో కలిపి రాసే అలవాటును మాత్రం పసిపిల్లల దగ్గరికి రానివ్వకూడదు. దానివల్ల పసివాళ్లకు ఫిట్స్ వచ్చిన కేసులు వైద్య పత్రికలకెక్కాయి.

ఇన్ని మందులకూ మంచి పేరు రావడానికి ఒక కారణం ఉంది. మామూలు నోటిపూత వారం పది రోజుల్లో దానంతటదే మానుతుంది. ఆ సమయంలో ఏది రాసినా ఘనత దానికే దక్కుతుంది. ట్రయామ్సినోలోన్ 0.1 శాతం పేస్టు లాంటి స్టెరాయిడ్లు వాపును, నొప్పిని నిజంగానే తగ్గిస్తాయి గానీ, పూత మళ్లీ రాకుండా ఆపలేవు.

చిగుళ్ల సంగతి వేరు. డెన్మార్క్‌లో హరాల్డ్ లో (Löe) అనే దంతవైద్య పరిశోధకుడు 1965లో ప్రచురించిన ప్రయోగంలో పన్నెండు మంది, ఎక్కువగా దంతవైద్య విద్యార్థులే, పళ్లు తోముకోవడం మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. తోముకోవడం మొదలుపెట్టగానే తగ్గాయి. దోషి పాచి అని తేలిపోయింది. 1970లో ఆయనే షియోట్ అనే సహ పరిశోధకుడితో కలిసి 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే, తోమకపోయినా పాచి పట్టదని చూపించాడు. చిగుళ్లకు పైపైన వాడే మందుల్లో మూలం మీద దెబ్బకొట్టినది, నా లెక్కలో, ఇదే. అయితే ఎక్కువకాలం వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది, గట్టిపడిన గారను అది కరిగించదు.

మందు పేరుతో పొగాకే చిగుళ్లకెక్కిన కథ కూడా ఉంది. గుజరాత్‌లో ఆడవాళ్లు పళ్లకు రుద్దుకునే బజ్జర్ పొగాకు పొడే. పొగాకు కలిసిన టూత్‌పేస్టులను, పళ్లపొడులను కేంద్రం 1992లో నిషేధించింది. అంతకుముందే, 1969లో వెలువడిన 50,915 మంది గ్రామస్థుల సర్వేలో గుజరాత్ నుంచి భావ్‌నగర్, మన వైపు నుంచి అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట) తాగే శ్రీకాకుళం జిల్లా ఉన్నాయి. నోటి క్యాన్సర్‌ను, తెల్లమచ్చలను పొగాకు అలవాట్లతో కలిపి చూసిన సర్వే అది. వక్క నమిలేవాళ్లలో బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరుచుకోకుండా చేసే జబ్బు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. దీనికి తొలి గుర్తు కారం తగిలితే మంట, పదేపదే పూత. గుజరాత్ 2012లో గుట్కాను నిషేధించింది. కానీ మావాకు ఫ్యాక్టరీ అక్కర్లేదు, రెండు అరచేతులు చాలు.

ఇక్కడే జెల్ చేటు చేస్తుంది. మంట చల్లారితే నమలడం సాగుతుంది, లోపల పొర బిగుస్తూనే ఉంటుంది. వక్క, పొగాకు నమిలేవాళ్లు అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి. మీ మూడు వేళ్లు నిలువుగా పట్టకపోయినా, పుండు రెండు వారాలు దాటినా, ఇంకో ట్యూబు కొనకండి. సర్కారు ఆస్పత్రి దంత విభాగంలో చూపించుకోండి.