ఈమెయిల్ బట్వాడాలో ఎస్‌ఈలినక్స్ నిరాకరణలు

లినక్స్ సర్వర్‌లో ఒక ప్రోగ్రాం చేయబోయిన పనిని కెర్నెల్‌లోని ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా ఏర్పాటు తన విధానం ప్రకారం అడ్డుకుంటే దాన్ని ఎస్‌ఈలినక్స్ నిరాకరణ అంటారు. ఈమెయిల్ సర్వర్ల మీద దీని ప్రభావం తేలిగ్గా అంతుపట్టదు. ఉత్తరం సర్వర్ దాకా వస్తుంది, చేరవలసిన మెయిల్‌బాక్సులో మాత్రం పడదు. విసిగిపోయిన నిర్వాహకులు చాలామంది ఎస్‌ఈలినక్స్‌ను పూర్తిగా ఆపేస్తుంటారు. ఆ అవసరం చాలా అరుదు. ఈ నిరాకరణల్లో అధిక భాగం ఫైళ్ల మీద తప్పు లేబుళ్లు (ఎస్‌ఈలినక్స్ చూసే గుర్తులు) ఉండటం వల్ల వచ్చేవే. లేబుల్ సరిచేస్తే ఉత్తరాలూ కదులుతాయి, కాపలా కూడా నిలుస్తుంది.

నేపథ్యం

ఎస్‌ఈలినక్స్‌కు మూలం అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ పరిశోధన. యూటా విశ్వవిద్యాలయంతో కలిసి రూపొందించిన ఫ్లాస్క్ నమూనా మీద దీన్ని నిర్మించి, 2000 డిసెంబరులో సోర్స్ కోడ్‌తో సహా విడుదల చేశారు. 2003లో ఇది లినక్స్ 2.6 కెర్నెల్‌లో భాగమైంది. 2004లో ఫెడోరా కోర్ 3, 2005లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 4 దీన్ని మొదటినుంచే పనిచేసేలా ఇచ్చాయి. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఫోన్లలోనూ ఇది పూర్తిగా అమలవుతోంది. కర్నూలు జిల్లాలోని ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రైతు జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్‌కూ ఇదే రక్షణ ఉంది. ఉబుంటు మాత్రం ఫైలు దారిని బట్టి నిర్ణయించే యాప్‌ఆర్మర్ అనే వేరే ఏర్పాటును వాడుతుంది.

పనిచేసే తీరు

లినక్స్‌లో ప్రతి ఫైలుకూ యజమాని, సమూహం, చదివే–రాసే అనుమతులు ఉంటాయి. కెర్నెల్ మొదట వీటిని చూస్తుంది. ఇవి ఒప్పుకున్నాకే ఎస్‌ఈలినక్స్ వంతు వస్తుంది. అది ప్రోగ్రాం మీది లేబుల్‌నూ ఫైలు మీది లేబుల్‌నూ పక్కపక్కన పెట్టి, ఈ జంటకు విధానంలో అనుమతి ఉందా అని చూస్తుంది. లేకపోతే పని ఆగుతుంది, రూట్ అధికారంతో నడిచే ప్రోగ్రాం అయినా సరే.

దీన్ని పత్తి బేలు మీది ముద్రతో పోల్చవచ్చు. ప్రెస్సింగ్ మిల్లులో కట్టిన బేలు మీద మిల్లు ముద్ర, వరుస సంఖ్య ఉండాలని 1925 నాటి జిన్నింగ్, ప్రెస్సింగ్ ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఆ చట్టం ప్రకారం లోపలి పత్తి మేలైనదే అయినా ముద్ర తప్పనిసరి. ఎస్‌ఈలినక్స్ కూడా అలాగే ఫైలులో ఏముందో చూడదు, లేబుల్ చూసి తీర్పు ఇస్తుంది.

ఉత్తరం దారిలో లేబుళ్లు

ఉత్తరాలను అందుకుని బట్వాడా చేసే పోస్ట్‌ఫిక్స్ ఒకే ప్రోగ్రాం కాదు. బయటి ఉత్తరాన్ని అందుకునేది ఒకటి, వరుసలో పెట్టేది ఒకటి, మెయిల్‌బాక్సులో వేసేది మరొకటి. వీటికి వేర్వేరు లేబుళ్లు ఉంటాయి. మెయిల్‌బాక్సులో వేసే భాగం పోస్ట్‌ఫిక్స్_లోకల్_టి అనే లేబుల్‌తో నడుస్తుంది. సర్వర్‌లోని మామూలు మెయిల్ డైరెక్టరీకి మెయిల్_స్పూల్_టి, వాడుకరి హోం డైరెక్టరీలోని మెయిల్‌డిర్‌కు మెయిల్_హోమ్_ఆర్‌డబ్ల్యూ_టి అన్న లేబుళ్లుంటాయి. ఉత్తరాలను వాడుకరికి చూపించే డవ్‌కాట్‌కూ తన సొంత లేబుళ్లున్నాయి. ఇలా విడగొట్టడం వల్ల ఒక భాగాన్ని దొంగ చేజిక్కించుకున్నా మిగతా సర్వర్ అతని చేతికి పోదు.

లక్షణాలు

మెయిల్ లాగ్‌లో అనుమతి నిరాకరించినట్లు ఒక్క ముక్క కనిపిస్తుంది. అది మామూలు ఫైలు అనుమతుల వల్లనా, ఎస్‌ఈలినక్స్ వల్లనా అన్నది ఆ లాగ్ చెప్పదు. ఆపైన, ఆగిన చోటును బట్టి ఉత్తరం గతి మారుతుంది. లోపాన్ని తాత్కాలికంగా లెక్కిస్తే పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాన్ని వరుసలో ఉంచి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మామూలు అమరికల్లో ప్రయత్నాల మధ్య ఎడం 300 సెకన్లతో మొదలై 4000 సెకన్ల దాకా పెరుగుతుంది. ఐదు రోజులు గడిచినా వేయలేకపోతే పంపినవారికి తిప్పి పంపుతుంది. శాశ్వత లోపంగా లెక్కిస్తే వెంటనే తిప్పి పంపుతుంది. కాబట్టి కారణం వెతకబోయే ముందే సాఫ్ట్_బౌన్స్ అమరికను ఆన్ చేయడం మంచిది. అప్పుడు తిరిగిపోవలసిన ఉత్తరాలు కూడా వరుసలోనే నిలిచి ఉంటాయి.

నమోదును చదవడం

నిరాకరణలు ఆడిట్ లాగ్‌లో ఏవీసీ పేరుతో నమోదవుతాయి. ఆసెర్చ్ ఆదేశంతో ఇటీవలి ఏవీసీలను బయటికి తీయవచ్చు. ఒక్కో నమోదులో నాలుగు సంగతులు చూడాలి: ఆగిన పని, అంటే రాయడమా, తెరవడమా, పోర్టుకు కలవడమా, పని చేయబోయిన ప్రోగ్రాం లేబుల్, ఎదుటి ఫైలు లేదా పోర్టు లేబుల్, ఆ వస్తువు ఫైలా, డైరెక్టరీయా, సాకెట్టా. ఆడిట్2వై అనే ఉపకరణం ఇదే నమోదును చదివి కారణం వివరిస్తుంది.

నమోదు ఏదీ లేకపోతే ముందు మామూలు అనుమతులనే అనుమానించాలి, ఎందుకంటే అవి ఆపిన పని ఎస్‌ఈలినక్స్ దాకా రాదు. విధానం కొన్ని నిరాకరణలను నమోదు చేయకుండా దాచిపెడుతుంది కూడా. సెమాడ్యూల్ ఆదేశానికి డీ, బీ ఐచ్ఛికాలు జోడిస్తే అవీ బయటపడతాయి. పని అయ్యాక బీ ఒక్కదానితో మళ్లీ నడిపి పూర్వస్థితికి తేవాలి.

సాధారణ కారణాలు

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఫైళ్లను తరలించడం. ఒకే డిస్కులో ఎంవీ ఆదేశంతో జరిపిన ఫైలు పాత లేబుల్‌నే వెంట తెచ్చుకుంటుంది. సీపీ ఆదేశంతో కాపీ చేసినది కొత్త డైరెక్టరీ లేబుల్‌ను తీసుకుంటుంది. రూట్ డైరెక్టరీ కింద కొత్తగా సృష్టించిన డైరెక్టరీకి డిఫాల్ట్_టి లేబుల్ పడుతుంది. మెయిల్ ప్రోగ్రాం అందులో రాయలేదు.

వెబ్‌సైట్ నుంచి ఉత్తరాలు వెళ్లకపోవడం తరచు కనిపించే మరో సమస్య. వెబ్ సర్వర్ ఉత్తరం పంపడాన్ని విధానం మొదట ఒప్పుకోదు. హెచ్‌టీటీపీడీ_క్యాన్_సెండ్‌మెయిల్ అనే బూలియన్‌ను, అంటే విధానంలోని ఆన్–ఆఫ్ మీటను, ఆన్ చేస్తే సరిపోతుంది. స్పామ్ వడపోతను అలవాటు లేని పోర్టులో పెట్టినా నిరాకరణ వస్తుంది. ఆ పోర్టుకు సెమానేజ్ ఆదేశంతో తగిన లేబుల్ ఇవ్వాలి.

పరిష్కార క్రమం

మొదట రిస్టోర్‌కాన్ ఆదేశం నడపాలి. విధానం ఒక్కో దారికి చెప్పిన లేబుల్‌ను అది తిరిగి వేస్తుంది. మెయిల్‌ను కొత్త చోటికి మార్చినప్పుడు, ఆ చోటు పాత మెయిల్ డైరెక్టరీతో సమానమని సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో ముందు నమోదు చేసి, ఆ తర్వాత రిస్టోర్‌కాన్ నడపాలి. సెమానేజ్‌లో నమోదు చేయకుండా సీహెచ్‌కాన్ ఆదేశంతో నేరుగా వేసిన లేబుల్ రేపు ఎవరైనా రిస్టోర్‌కాన్ నడిపితే చెరిగిపోతుంది.

ఒక నిరాకరణ తీరగానే దాని వెనక మరొకటి రావడం మామూలే. అన్నిటినీ ఒకేసారి చూడాలంటే ఆ ఒక్క ప్రోగ్రాం లేబుల్‌ను సెమానేజ్‌తో పర్మిసివ్‌గా మార్చవచ్చు. అప్పుడు ఉత్తరాలు కదులుతాయి, ఉల్లంఘనలు నమోదవుతాయి, సర్వర్‌లోని మిగతా కాపలా చెక్కుచెదరదు. సరిచేశాక ఆ మినహాయింపును తీసేయాలి. చివరగా పోస్ట్‌క్యూ ఆదేశం ఎఫ్ ఐచ్ఛికంతో వరుసను కదిలించి, సాఫ్ట్_బౌన్స్‌ను ఆఫ్ చేయాలి.

ఆడిట్2అలౌతో కొత్త నియమం రాయడం ఆఖరి మెట్టు. తప్పు లేబుల్ ఉన్న ఫైలు కోసం నియమం రాస్తే, ఆ లేబుల్ ఉన్న ప్రతి ఫైలూ మెయిల్ ప్రోగ్రాంకు తెరుచుకుంటుంది.

పూర్తిగా ఆపేస్తే

ఎస్‌ఈలినక్స్ ఆపి ఉంచిన కాలంలో పుట్టిన ఫైళ్లకు లేబుళ్లుండవు. మళ్లీ మొదలుపెట్టిన రోజున మొత్తం డిస్కుకు లేబుళ్లు వేయాలి. అందుకు గంటలు పట్టవచ్చు. నడుస్తున్న వ్యవస్థలో ఎస్‌ఈలినక్స్‌ను పూర్తిగా ఆపే పాత సౌకర్యాన్ని 2023లో వచ్చిన 6.4 కెర్నెల్ తొలగించింది.

ఆదోని, ఎమ్మిగనూరులకు దీని అవసరం

కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఆదోని పత్తి వ్యాపారానికి, జిన్నింగ్ మిల్లులకు పేరుపడింది. ఎమ్మిగనూరు చేనేతకు పెట్టింది పేరు. అక్కడి చేనేత సహకార సంఘాన్ని మాచాని సోమప్ప 1938లో నెలకొల్పారు. ఇలాంటి ఊళ్లలో ఒక మిల్లో, సంఘమో సొంత మెయిల్ సర్వర్ పెట్టుకుంటే, దాన్ని అమర్చిన మనిషి తరచు వేరే ఊళ్లో ఉంటారు. డిస్కు నిండి మెయిల్‌ను కొత్త డిస్కుకు మార్చిన రోజున సమస్య మొదలవుతుంది. కొనుగోలుదారు ఆర్డరు, బ్యాంకు లేఖ, జీఎస్టీ నోటీసు వరుసలోనే ఆగిపోతాయి.

అందుకే సర్వర్ అప్పగించేటప్పుడు ఒక కాగితం కూడా ఇవ్వాలి. మెయిల్ ఏ డైరెక్టరీలో ఉందో, ఏ బూలియన్లు ఆన్ చేశారో, సెమానేజ్‌తో ఏయే లేబుళ్లు నమోదు చేశారో తేదీలతో సహా అందులో రాసి ఉండాలి. ఆ నమోదులను సెమానేజ్ ఎక్స్‌పోర్ట్ ఆదేశం ఒకే జాబితాగా ఇస్తుంది. అది దగ్గరుంటే, స్థానిక కళాశాలలో కంప్యూటర్ సైన్స్ చదివిన యువతీయువకులెవరైనా ఆగిన ఉత్తరాలను ఆ రోజే కదిలించగలరు. భద్రతను తీసేయవలసిన పని వారికి రాదు.