అప్పు క్రింద పోయిన గ్యాసు గొట్టములు

కాకసస్ పర్వతప్రాంతమున ఆర్మీనియా యను చిన్న దేశము కలదు. జనసంఖ్య సుమారు 30 లక్షలు. అచ్చట భూమిలో సహజవాయువు దొరకదు, చలి మిక్కుటము. వంటకును, ఇండ్లను వెచ్చచేసికొనుటకును గ్యాసే ముఖ్యాధారము. అందు అధికభాగము రష్యానుండి జార్జియామీదుగా గొట్టములలో వచ్చును.

1991లో స్వతంత్రమైన ఆ దేశమున, 1997లో గ్యాసు పంపిణీకై యొక కంపెనీ యేర్పడెను. అందు ఆర్మీనియా ప్రభుత్వమునకు నూటికి 45 వంతులు. రష్యా ప్రభుత్వాధీనమగు గాజ్‌ప్రోమునకు 45 వంతులు. తూకము సరిగనే యుండెను. పిదప ఆర్మీనియా వంతు క్రమముగా 20కి దిగెను.

2011 మొదలు కొన్న ధరకంటె తక్కువకు గ్యాసు ప్రజల కమ్మబడెను. ఆ తేడా బాకీయై 30 కోట్ల డాలర్లకు పెరిగెను. 2013 డిసెంబరులో, ఆ బాకీ పరిష్కారములో భాగముగా, మిగిలిన 20 వంతులును గాజ్‌ప్రోమునకు వ్రాసియిచ్చిరి. 2014లో కంపెనీ సర్వము పరాయి సొత్తయ్యెను. దాని హక్కులకు భంగకరమగు మార్పు 2043 కడవరకు చేయరాదని యొడంబడిక. 2007లో ఇరానునుండి రెండవ గొట్టము వచ్చెను గాని, ఆర్మీనియా నేలపై దానిలో నొక భాగము 2015లో ఆ కంపెనీ చేతికే పోయెను.

దీనిని కేవలము ఋణదాత దౌష్ట్యమనుట న్యాయము కాదని నా తలంపు. అతడు గ్యాసు నిచ్చెను, పొయ్యిలు వెలిగినవి. చౌకధర వెనుక బాకీ పెరుగుచున్నదని ప్రజలకు సకాలమున తెలుపకపోవుటయే అసలు కీడు. నీటిబాకీ క్రింద ఊరబావినే వ్రాసియిచ్చిన గ్రామము, మరునాడు కడవ వెల యెంతయని బావి యజమానినే యడుగవలెను. ఉమ్మడిసొత్తు లెక్క ఏటేట పదుగురి యెదుట చదివించుట పెద్దల ధర్మము.