క్రాకో నగర భోజన పానీయములు

పోలండు దేశపు దక్షిణభాగమున, విస్తులా నదీతీరమున వెలసిన క్రాకో నగరము, పదునారవ శతాబ్ది చివర రాజాస్థానము వార్సాకు తరలనారంభించు వఱకు ఆ దేశమునకు రాజధాని. ఇచ్చటి కోటను, చర్చిలను, ప్రాచీన విశ్వవిద్యాలయమును దర్శించి నగరచరిత్రను గ్రహింపవచ్చును గాని, వీథులలో అమ్ముడగు రొట్టెను, పులిసిన పిండితో కాచిన చారును, తేనె మద్యమును వెంబడించి నడచు యాత్రికునకు రాజశాసనములు, వృత్తిసంఘముల పట్టుదల, ఉప్పుగనుల ఆదాయము, యుద్ధానంతరపు కొఱత యనునవి మఱింత స్పష్టముగా గోచరించును. రాజుల విందులు కథలుగా మిగిలినవి. సామాన్యుల తిండి నేటికిని వేడివేడిగా దొరకుచున్నది.

నగరమధ్యమందలి విశాలమైన విపణిస్థలము 1257 నాటి పట్టణశాసనము ననుసరించి ఏర్పడినది. దాని ఒక్కొక్క భుజము సుమారు 200 మీటర్లు. 1364లో మహారాజు కజిమియెజ్ ఆహ్వానముపై చక్రవర్తి నాలుగవ చార్లెసును, హంగరీ, డెన్మార్కు, సైప్రసు దేశముల రాజులును ఈ నగరమున సమావేశమైనపుడు, వియెజినెక్ అను సంపన్నుడు వారందఱకు విందొనర్చెనని ప్రతీతి. శతాబ్దము గడచిన పిమ్మట ఆ వృత్తాంతమును గ్రంథస్థము చేసిన యాన్ ద్లుగోష్ భక్ష్యములకంటె ఆసనక్రమమునకే ప్రాధాన్యమొసగెను: అగ్రాసనము చక్రవర్తికి గాక స్వదేశపు రాజునకే దక్కినదట. వియెజినెక్ పేరుతోనే విపణిస్థలమున నడచుచున్న భోజనశాల ఇరువదవ శతాబ్దమున నెలకొన్నదే గాని, ఆ విందునకు తానే వారసుడనని చెప్పుకొనుటకు సంకోచింపదు.

క్రాకో రుచిని తెలియగోరువారు మొదట చూడవలసినది ఆ భోజనశాలను గాదు, దాని యెదుట నిలిచిన రొట్టెలబండిని. ఆ బండ్లపై అమ్ముడగు వలయాకారపు రొట్టె పేరు ఒబ్వజానెక్. పిండిని సన్నని పేటలుగా సాగదీసి, రెండు మూడు పేటలను మెలిపెట్టి, వలయముగా చుట్టి, కాగుచున్న నీట కొంచెముసేపు ఉడికించి, పిదప ఉప్పో గసగసాలో నువ్వులో చల్లి పొయ్యిలో కాల్తురు. నీట మునిగి లేచుటచే దానికి లోపల మెత్తదనమును, పైన నిగనిగయు కలుగును. 1394లో రాణి యాద్విగ కొఱకు వీనిని కొన్నట్లు రాజాస్థానపు జమాఖర్చులలో నున్నది. మొదట నిది ఈస్టరు పండుగకు ముందటి ఉపవాసదినముల ఆహారము. 1496లో యాన్ ఓల్‌బ్రాక్త్ రాజు తెల్లరొట్టెలతోపాటు వీనిని కాల్చు ప్రత్యేకాధికారమును క్రాకో రొట్టెలవారి సంఘమునకు ప్రసాదించెను. 2010లో యూరపు సమాఖ్య దీనికి భౌగోళిక సూచిక రక్షణ నొసగినది. నగరమునందును, దానిని చుట్టిన క్రాకో, వియెలిచ్క మండలములందును తయారైనదే ఆ పేరునకు అర్హము. ఐదు శతాబ్దములనాటి హక్కును బ్రస్సెల్సు అధికారులు క్రొత్త కాగితముపై మఱల వ్రాసియిచ్చినట్లైనది. దీనిని ఉదయముననే కొనవలెను, సాయంకాలమునకు బిరుసెక్కును.

కోటకు దక్షిణమున నున్న కజిమియెజ్ 1335లో కజిమియెజ్ మహారాజు పేరనే వెలసిన వేఱు పట్టణము. కాలక్రమమున యూదుల నివాసమై, నగరములో కలిసిపోయినది. ఒబ్వజానెక్కునకు దగ్గఱిచుట్టమై నేడు అమెరికాలో ప్రసిద్ధికెక్కిన బేగెల్ 1610 నాటి క్రాకో యూదుసమాజపు కట్టుబాటులలో కన్పట్టుచున్నదని చరిత్రకారులు చెప్పుదురు. ద్వితీయ ప్రపంచయుద్ధమునకు పూర్వము నగరజనులలో సుమారు నాలుగవవంతు యూదులే. నాజీల దుశ్చర్యలచే ఆ సమాజము దాదాపుగా నశించినది. నేడు షెరోక వీథియందలి భోజనశాలలు యూదుల వంటకములను సంగీతముతో సహా వడ్డించుచున్నవి గాని, ఆ వంటలు చేసిన ఇండ్లవారు లేరను సంగతిని మఱచి వానిని రుచిచూచుట న్యాయము గాదు.

ఆ పేటలోనే ప్లాత్స్ నోవి అను అంగడివీథి నడుమ 1900లో కట్టిన గుండ్రని భవనమున్నది. పూర్వము యూదుల మతవిధి ననుసరించి కోళ్లను కోసిన ఆ స్థలమున నేడు చుట్టును కిటికీలు తెఱచి, అర్ధరాత్రి దాటువఱకు జపియెకాంక అను తినుబండారము నమ్ముదురు. పొడవైన రొట్టెను నిలువుగా చీల్చి, పుట్టగొడుగులను జున్నును పఱచి కాల్చుటయే దీని తయారీ. ఇది 1970ల సంతానము. 1976లో చక్కెరకును, 1981లో మాంసమునకును రేషను కార్డులు వచ్చిన దేశములో, మాంసము లేకయే కడుపునింపు ఈ రొట్టె ఏల వ్యాపించినదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

నగరమునకు సుమారు 14 కిలోమీటర్ల దూరమందలి వియెలిచ్క ఉప్పుగనులు కజిమియెజ్ రాజు కాలమున రాజ్యాదాయములో మూడవవంతు సమకూర్చెను. దీర్ఘమైన శీతకాలమునకు ఉప్పును పులుపును ఆధారముగా గొన్న వంటలే ఇచ్చటి వంటలకు వెన్నెముక: పులియబెట్టిన క్యాబేజి, దోసకాయలు, రై పిండిని పులియబెట్టి కాచి గ్రుడ్డును సాసేజిని చేర్చిన జురెక్ చారు, క్యాబేజిని మాంసముతో దీర్ఘకాలముడికించి, మఱునాడు మఱల వేడిచేసినకొలది రుచి హెచ్చు బిగోస్. ఈ పులిసిన దినుసులను ఒక్కచోట చూడగోరువారు క్లెపాజ్ అంగడికి పోవలెను.

అర్ధచంద్రాకృతిలో మన కజ్జికాయను పోలిన పియెరోగిని నూనెలో వేపక నీట ఉడికింతురు. బంగాళాదుంపను తెల్లని మెత్తని జున్నుతో మెదిపి కూరినవి సర్వత్ర దొరకును. వీనికి తగిన చోటు పాలభోజనశాల. మొదటిది 1896లో వార్సాలో తెఱువబడినది. యుద్ధానంతరము కమ్యూనిస్టు ప్రభుత్వము వీనిని దేశమంతట నెలకొల్పినది. పాలు, గ్రుడ్లు, కూరగాయలతో చేసిన మాంసరహిత వంటకములకు ప్రభుత్వము నేటికిని ధనసాహాయ్య మొనర్చుచుండుటచే అచ్చట వెల స్వల్పము. నగరమున ఇంతకంటె నిజాయితీగల భోజనము లేదని చెప్పిన అతిశయోక్తి గాదు.

దక్షిణమున తాత్రా పర్వతములందు గొఱ్ఱెల కాపరులు చేయు ఓస్త్సిపెక్ అను పొగపట్టిన జున్ను 2008లో యూరపు సమాఖ్య రక్షణ పొందినది. దానిలో గొఱ్ఱెపాలు నూటికి అఱువదికి తగ్గరాదు. మే మొదలు సెప్టెంబరు వఱకే చేయుదురు. డిసెంబరు సంతలో కాల్చియిచ్చు చిన్నముక్కలను ఆ పేరుతో నమ్మరాదు.

పానీయములలో ప్రాచీనము తేనె మద్యము. ఒక పాలు తేనెకు అరపాలు నీరు చేర్చిన పూల్‌తొరాక్ మూడేండ్లైనను నిలువయుండవలెను. మూడుపాళ్లు నీరు కలిపిన చ్ఫూర్నియాక్‌కు తొమ్మిదినెలలు చాలును. వోడ్కాను ధాన్యముతోనో బంగాళాదుంపతోనో తీయుదురు. లోత్స్కో గ్రామప్రాంతపు ప్లమ్ పండ్ల సారాయి నూటికి డెబ్బది పాళ్ల తీక్ష్ణత గలది. మద్యము వలదనువారికి పండ్లను ఉడికించి చేసిన కొంపోత్ అన్నిచోట్ల లభించును.

మాంసము ముట్టని తెలుగు యాత్రికుడు ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను: లోపల బంగాళాదుంపయే యున్నను పియెరోగిపై పందిక్రొవ్వు వేపుడు ముక్కలను చల్లుట వాడుక గావున, మాంసము లేదన్న జవాబుతో తృప్తిపడక, ఆ క్రొవ్వును వలదని ముందుగనే చెప్పవలెను.