పన్ను ఉంది, ఓటు లేదు: నేటాల్ పట్టణ పాలనలో మనవారు

మన పూర్వుల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా ఓడతో మొదలుపెడతారు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బను రేవు చేరడం, 1911 వరకు మొత్తం 1,52,184 మంది గిర్మిట్ కూలీలుగా నేటాలుకు రావడం, వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారు కావడం, ఆ గుంపుల్లో విశాఖపట్టణం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు సీమల తెలుగువారు ఉండడం మన పాఠకులకు కంఠతా వచ్చిన సంగతులే. తోటలో పడిన కష్టాలు కూడా చాలామంది వ్రాశారు. అయితే గిర్మిటు అయిదేళ్ళది. ఊరి కాపురం నూరేళ్ళు దాటింది. తోట గేటు దాటి బయటికి వచ్చిన మనవారు ఏ ఊరి పాలన క్రింద ఉన్నారు, ఆ ఊరి కుళాయి నీళ్ళకూ, వీధి దీపానికీ, దుకాణం లైసెన్సుకూ ఎవరి దగ్గర చేయి చాచారు అనే విషయం గూర్చి మనం తక్కువగా మాట్లాడుకున్నాం. ఈ వ్యాసం ఆ ముచ్చటే.

ముందుగా ఒక చిన్న ఊరిని చూద్దాం. డర్బనుకు ఉత్తరంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, ఉమ్‌డ్లోటి నది దగ్గర వెరూలం ఉంది. 1850లో ఇంగ్లండు నుండి వచ్చిన మెథడిస్టు క్రైస్తవులు ఆ ఊరు కట్టుకున్నారు. తమకు అండగా నిలిచిన వెరూలం ప్రభువు పేరే ఊరికి పెట్టుకున్నారు. చుట్టూ చెరకు తోటలు. గిర్మిటు తీరిన మనవారు ఆ తోటల అంచున కౌలుకు భూమి పట్టి, కూరగాయలు పండించి, బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్మి, పైసా పైసా కూడబెట్టి ఊళ్ళో స్థలాలు కొన్నారు. స్థలం కొన్నవాడు రేట్లు కట్టాలి. రేట్లు అని మనం పిలుచుకునే ఈ ఇంటిపన్నుతోనే వీధులు, నీళ్ళు, పాకీ పని అన్నీ నడుస్తాయి. కాబట్టి కట్టేవాడికి ఆ డబ్బు ఎటు పోతోందో అడిగే హక్కు ఉండాలి. మన కథంతా ఈ ‘ఉండాలి’ దగ్గరే తిరుగుతుంది.

నేటాలులో మనవారి ఓటును రెండు విడతలుగా తీసివేశారు. మొదటి విడత అందరికీ తెలిసినదే. శాసనసభ ఓటు తీసివేయడానికి 1894లో బిల్లు వచ్చింది. గాంధీగారూ ఆయన తోటివారూ సుమారు పదివేల సంతకాలతో లండన్‌లోని రిప్పన్ ప్రభువుకు అర్జీ పంపారు. ఆ ఏడాది ఆగస్టు 22న నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పుట్టింది. అర్జీ వల్ల ఆ బిల్లు ఆగింది గానీ 1896లో వేషం మార్చుకుని మళ్ళీ వచ్చింది. అందులో ‘ఇండియన్’ అన్న మాట లేదు. పార్లమెంటు తరహా ఓటుహక్కు మీద నడిచే ప్రాతినిధ్య సంస్థలు లేని దేశాల నుండి వచ్చినవారికీ, వారి సంతానానికీ ఓటు లేదు అన్నారు, అంతే. ఆ దేశం ఏదో చెప్పవలసిన పనిలేదు.

రెండవ విడత గూర్చి మన ఇళ్ళల్లో అంతగా చెప్పుకోరు. శాసనసభ ఓటు పోయినా, పట్టణ సభల ఓటు ఆస్తిని బట్టి కొందరికి మిగిలి ఉండేది. 1924లో నేటాల్ బరోల ఆర్డినెన్సు దాన్నీ మూసివేసింది. ఆ కిటుకు చూడండి: పార్లమెంటు ఓటు లేనివాడికి పట్టణ ఓటు కూడా ఉండదు అన్నారు. 1896లో వేసిన తాళంతోనే 1924లో ఇంకో తలుపు బిగించారు. అప్పటికే జాబితాలో ఉన్నవారి పేర్లు మాత్రం ఉండనిచ్చారు. దీన్ని దయ అనుకోవాలో, చమత్కారం అనుకోవాలో తెలియదు. తండ్రి ఓటు వేస్తాడు. అదే ఇంట్లో, అదే రేట్లు కట్టే కొడుకు వేయలేడు. ఆ పెద్దలు ఒక్కొక్కరే కాలం చేస్తుంటే ఓటర్ల జాబితా దానంతటదే ‘శుభ్రం’ అయింది.

పట్టణ ఓటు పోతే పోయేది ఏమిటని ఎవరైనా అనవచ్చు. పట్టణ సభ చేతిలో ఏముందో చూస్తే తెలుస్తుంది. 1897 వర్తకుల లైసెన్సుల చట్టం ప్రకారం దుకాణం లైసెన్సు ఇచ్చే అధికారిని నియమించేది పట్టణ సభ. ఆయన కాదంటే అప్పీలు చేసుకోవలసింది కూడా ఆ సభకే. కొట్టినవాడే తీర్పరి! చాలా ఏళ్ళపాటు పైకోర్టుకు వెళ్ళే దారి లేదు. 1922లో డర్బను నగరసభకు ఇంకో అధికారం వచ్చింది. నగర భూములు అమ్మేటప్పుడు ఫలానా జాతివారే కొనాలి, ఫలానా జాతివారే ఉండాలి అని దస్తావేజులో వ్రాసుకోవచ్చు. కొట్టు, ఇల్లు, నీళ్ళు, దారి, చివరకు శ్మశానం దాకా మనిషి బ్రతుకులో సగం సంగతులు తేలేది దూరాన ఉన్న పార్లమెంటులో కాదు, ఊరి మధ్య ఉన్న ఆ హాలులోనే.

ఆ హాలును శుభ్రం చేసింది, ఆ నగరపు చెత్త ఎత్తింది, మురుగు కాలువలు బాగుచేసింది ఎవరు? డర్బనులో సోమ్‌ట్సూ రోడ్డు దగ్గర మ్యాగజీన్ బారక్స్ అని కార్పొరేషన్ తన ఇండియన్ కూలీల కోసం 1880 నుండి కట్టిన వరుస ఇళ్ళు ఉండేవి. వాటిలో ఎక్కువమంది తమిళులు, తెలుగువారు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క సంసారం. గుడి, భజన, నాటకం, పండుగ అన్నీ అక్కడే. 1960లలో వారిని చాట్స్‌వర్తుకు తరలించేవరకు నగరాన్ని తమ చేతులతో నడిపిన ఆ జనానికి, ఆ నగరాన్ని నడిపించడంలో ఒక్క మాట చెల్లలేదు. మన భాషనూ కళలనూ కాపాడినవారిగా ఆ బారక్సును తలుచుకుంటాం, అది న్యాయమే. పురపాలన చరిత్రలో కూడా వారి పేరు మొదటి పుటలో ఉండాలని నా అభిప్రాయం.

1927లో కేప్‌టౌన్ ఒప్పందం కుదిరాక భారత ప్రభుత్వం ఇక్కడ ఒక ఏజెంటును ఉంచింది. మొదటివారు శ్రీనివాసశాస్త్రిగారు. ఆయన తరువాత 1929 నుండి 1932 వరకు ఆ పదవిలో ఉన్న సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు మన తెలుగువారే. ఆంధ్ర మహాసభ 1931లో స్థాపితమైనది ఆయన ఇక్కడ ఉన్న రోజుల్లోనే. 1932లో డర్బను తన పొలిమేరలను పెంచి సిడెన్‌హామ్, మేవిల్ వంటి శివార్లను కలుపుకుంది. అక్కడి వేలాది ఇండియన్ కుటుంబాలు ఒక్కసారిగా నగరంలోకి వచ్చాయి. పన్నులు, నిబంధనలు వెంటనే వచ్చాయి. రోడ్లు, దీపాలు, మురుగు కాలువలు మాత్రం వెనుక నింపాదిగా వచ్చాయి, కొన్ని రానే లేదు.

ఓటు లేనివారు ఏంచేశారు? సంఘాలు పెట్టుకున్నారు. పేటపేటకూ రేట్‌పేయర్ల సంఘాలు వెలిశాయి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, నెలనెలా సమావేశం, మినిట్స్ పుస్తకం, చందా రసీదు. గుమాస్తాలు, పంతుళ్ళు, కూరగాయల వర్తకులు దినమంతా పనిచేసి, రాత్రి బడి గదిలో కూర్చుని నగరసభకు అర్జీలు వ్రాసేవారు: ఫలానా వీధిలో దీపం లేదు, ఫలానా వంతెన కూలింది, బస్సు ఊరి బయటే ఆగిపోతున్నది. జవాబు రాకపోతే మళ్ళీ వ్రాసేవారు. క్లేర్‌వుడ్‌లో ఇళ్ళ స్థలాలను పరిశ్రమలకు అప్పగించాలన్న నగరసభ ఎత్తుగడను అక్కడి సంఘం ఏళ్ళ తరబడి ఎదిరించింది. బడులు కూడా ఇలాగే లేచాయి: జనం చందాలతో గోడలు కట్టారు, సర్కారు తరువాత సాయం చేసింది. చందా లెక్క అణాతో సహా చదివి వినిపించే అలవాటు, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగే అలవాటు మనవారికి ఆ రాత్రి సమావేశాల్లోనే పట్టుబడింది. ఒక్క లోటు చెప్పక తప్పదు. ఆ సంఘాల పుస్తకాల్లో స్త్రీల పేర్లు అరుదు. కుళాయి దగ్గర వరుసలో నిలుచున్నది మాత్రం వారే.

1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. ఎవరు ఎక్కడ ఉండాలో చర్మం రంగు నిర్ణయించింది. 1961లో గానీ సర్కారు మనల్ని ఈ దేశపు శాశ్వత జనంగా ఒప్పుకోలేదు. ఒప్పుకున్న మరుసటి ఏడే ఒక సవరణ చట్టం తెచ్చి, వేరుచేసిన పేటలకు వేరే సలహా సంఘాలు ఉండవచ్చన్నది. నేటాలులో వాటికి లోకల్ అఫైర్స్ కమిటీలు అని పేరు. సలహా చెప్పడం వరకే వాటి పని. బడ్జెటు, భూమి, తుదిమాట తెల్లవారి నగరసభ చేతిలోనే ఉండేవి. మొదట సభ్యులను పైవారే నియమించారు, ఎన్నికలు తరువాత వచ్చాయి.

ఇక్కడే వెరూలం కథ ప్రత్యేకమవుతుంది. 1967లో ఆ ఊరికి మొత్తం ఇండియన్ సభ్యులతో టౌన్ బోర్డు వచ్చింది. ఇది సలహా సంఘం కాదు. సొంత ఖజానా, సొంత ఉద్యోగులు, తీర్మానం చేస్తే అమలయ్యే అధికారం ఉన్న బోర్డు. తరువాత ఇసిపింగో, ఉమ్‌జింటో నార్త్, మార్బర్గ్ ఆ వరుసలో చేరాయి. ఇన్ని ఊళ్ళున్న నేటాలులో ఈ నాలుగే. మిగతాచోట్ల సర్కారు ఇవ్వజూపినా చాలామంది వద్దన్నారు. కారణం గర్వం కాదు, లెక్క. పెద్ద దుకాణాలు, ఫ్యాక్టరీలు తెల్లవారి పేటల్లో ఉన్నాయి, వాటి రేట్లు ఆ ఖజానాకే పోతాయి. బీద పేటను విడదీసి, ఇక నీ పాలన నువ్వే చేసుకో అంటే, ఇళ్ళవారి మీద పన్ను పెంచడం తప్ప దారి లేదు.

మరి వెరూలంలో కుర్చీలు ఎక్కినవారు తప్పు చేశారా? ఈ తగవు మన సమాజంలో ఇంటింటా జరిగింది. అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్ళూ ఉన్నాయి. లోపలికి వెళ్తే కనీసం రోడ్డు పడుతుంది, మనవాళ్ళకు ఉద్యోగం వస్తుంది, పాలన నేర్చుకుంటాం అని ఒకరు. ఆ కుర్చీ మీద కూర్చుంటే ఆ చట్టాన్ని ఒప్పుకున్నట్టే అని ఇంకొకరు. ఈ రెండింటిలోనూ నిజం ఉంది. కానీ రెండింటినీ సమానంగా తూచడానికి నాకు మనసొప్పదు. ఆ ఊళ్ళో పనిచేసే ఆఫ్రికన్ సోదరులకు ఆ బోర్డులో సలహా చెప్పే హక్కయినా లేదు. మనకు దొరికిన తలుపు వారి ముఖాన మూసిన తలుపు. వెరూలం బోర్డు ఊరికి చేసిన మేలు కొట్టివేయలేం గానీ, వద్దన్నవారే దూరం చూశారు.

1980లో డర్బను హౌసింగ్ యాక్షన్ కమిటీ ఏర్పడి చాట్స్‌వర్తు, ఫీనిక్స్ పేటల అద్దెల పెంపు మీద జనాన్ని కూడగట్టింది. పాత రేట్‌పేయర్ల సంఘం అర్జీ వ్రాసేది, ఈ కొత్తతరం ఇంటింటికీ నడిచింది. 1984 ఆగస్టు 28న మూడు సభల పార్లమెంటులో ఇండియన్ సభకు ఎన్నికలు జరిగితే, జాబితాలో ఉన్నవారిలో సుమారు అయిదోవంతే ఓటు వేశారు. ఓటు కోసం 90 ఏళ్ళు పోరాడిన జనం, చేతికి వచ్చిన దొంగ ఓటును నేల మీద వదిలేశారు.

అసలు ఓటు తరువాత వచ్చింది. 1993 పరివర్తన చట్టం, ఆ వెనుక 1996 జూన్ 26న క్వాజులూ-నేటాలులో జాతిభేదం లేని మొదటి స్థానిక ఎన్నికలు. వెరూలం, టోంగాట్ ఉత్తర లోకల్ కౌన్సిల్లో కలిశాయి. 2000 డిసెంబరులో అంతా కలిసి డర్బను మహానగరం అయింది, దానికి ఈతెక్వినీ అని పేరు. 2021 ఎన్నికలనాటికి దానికి 111 వార్డులు, 222 మంది కౌన్సిలర్లు. ఒకప్పుడు సొంత బోర్డు ఉన్న ఊరు ఇప్పుడు మహానగరంలో కొద్ది వార్డులు. పాత విభజన తొలగడం న్యాయం. పట్టణ హాలు దూరమవడం కూడా నిజమే.

హక్కులు మాత్రం కాగితం మీద ఎన్నడూ లేనంత ఉన్నాయి. రాజ్యాంగం 152వ అధికరణం ప్రకారం జనాన్ని స్థానిక పాలనలో కలుపుకోవడం పట్టణ సభల లక్ష్యాల్లో ఒకటి. సభ సమావేశాలు బహిరంగంగా జరగాలి, తగిన కారణం లేకుండా తలుపు మూయరాదు. 1998 చట్టం ప్రకారం కౌన్సిలరు అధ్యక్షుడుగా, పదిమందికి మించకుండా వార్డు కమిటీ పెట్టుకోవచ్చు. ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది; దానికి 90 రోజుల ముందే బడ్జెటు ముసాయిదా సభ ముందుకు రావాలి, జనం అభిప్రాయం అడగాలి. ఇళ్ళ విలువల జాబితా మీద అభ్యంతరం చెప్పుకోవడానికి కనీసం 30 రోజుల గడువు. 1924 నాటి మన పెద్దలకు ఇందులో ఒక్కటి దొరికినా పండుగ చేసుకునేవారు. 2021లో దేశం మొత్తం మీద నమోదైన ఓటర్లలో ఓటు వేసినవారు 46 శాతం లోపే. 1984లో వేయనివారికి ఒక ఉద్దేశం ఉంది.

2022 ఏప్రిల్ వరదల్లో టోంగాట్ నీటిశుద్ధి కేంద్రం పాడై, ఆ ఊరి కుళాయిలు నెలల తరబడి ఎండిపోయాయి. తరువాతి ఏళ్ళలో వెరూలం పేటలు కూడా ట్యాంకరు కోసం బిందెలు పట్టుకు నిలుచున్నాయి. పక్కనే హేజల్‌మీర్ ఆనకట్ట ఉంది. ఆ రోజుల్లో జనం రోడ్డెక్కారు, సభలు పెట్టారు, అర్జీలు వ్రాశారు.

పాత అర్జీల నకళ్ళు, మినిట్స్ పుస్తకాలు, చందా రసీదులు మన ఇళ్ళ ట్రంకు పెట్టెల్లో చెదలకు మేతవుతున్నాయి. వాటిలో వీధుల పేర్లున్నాయి, సంతకాలున్నాయి, కొన్నిచోట్ల తెలుగులో చేసిన సంతకాలు కూడా ఉంటాయి. క్వాజులూ-నేటాల్ విశ్వవిద్యాలయం వారి గాంధీ-లూతులీ పత్రాల కేంద్రం వెస్ట్‌విల్‌లో ఉంది. మన జనుల కాగితాలను భద్రపరచడం దాని పని. పెట్టె తెరిచినప్పుడు రసీదు ముక్క అయినా పారవేయక, మొదట తేదీ చూడండి. 1924కు ముందరి ఓటరు జాబితా గానీ, పట్టణ సభతో నడిపిన ఉత్తరాలు గానీ కనబడితే ఈ పత్రికకు ఒక ముక్క వ్రాయండి.